జ్ఞానాంబ గురించి నేను అన్న మాట

(ముప్పై ఏండ్లు నడిపిన ఆస్పత్రిని వదిలి తిరుపతికి వెళ్ళిపోతున్న డాక్టర్ సుదర్శనం గారికి ఊరివాళ్ళు వర్తక సంఘం హాల్లో సన్మానం చేసినప్పుడు ఆయన మాట్లాడినది. 1984, ఫిబ్రవరి.)

సభాధ్యక్షులు జయరామ్ నాయుడు గారికి, ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, ఆ పక్క జంపఖానాల మీద కూర్చున్న అక్కచెల్లెళ్ళకు, లోపల చోటు చాలక కిటికీ ఊచలు పట్టుకొని నిలబడిన వాళ్ళకు, ముప్పై ఏండ్లు నా చేతి సూదిపోట్లు తిని కూడా ఈ పొద్దు నా మెడలో పూలమాల వేసినంత మంచి మనసున్న మీ అందరికీ నమస్కారం.

అధ్యక్షులవారు నన్ను ధన్వంతరి అన్నారు. ఆయనకు అయిదేండ్లుగా చక్కెర జబ్బు. మైసూరుపాకు మానమని నేను నెలకొకసారి చెప్తాను, ఆయన నెలకొకసారి తల ఊపుతారు. ధన్వంతరి మాటకు ఈ ఊర్లో ఉండే విలువ అంత. (నవ్వులు) నవ్వండి, ఆయనా నవ్వుతున్నారు. ఈ సభ అయినాక పెట్టే టిఫినులో ఏముందో నాకు తెలుసు నాయుడుగారూ, మీ ఆకు మీద నా కన్ను ఉంటుంది.

1954లో నేను సత్యవేడులో బస్సు మారి ఈ ఊర్లో దిగినప్పుడు నా దగ్గర ఒక తోలు సంచీ, ఒక స్టెతస్కోపు, మా నాయన చెప్పిన ఒక మాట ఉండినాయి. మా నాయన తిరుపతిలో గుడి కైంకర్యంలో ఉండేవారు. వైద్యుడికి చెయ్యి తేలిగ్గా ఉండాల, నోరు బరువుగా ఉండాల అని ఆయన చెప్పి పంపించినారు. నేను రెండూ తలకిందులు చేసినాను. నా చెయ్యి ఎంత బరువో సూది వేయించుకున్న వాళ్ళకు తెలుసు. (నవ్వులు) నోరు సంగతి మీకు చెప్పనక్కర్లేదు.

శెనక్కాయల గోడౌను ఒకటి అద్దెకు తీసుకొని, నడుమ తడిక కట్టించి, ఆస్పత్రి అని బోర్డు పెట్టినాను. తడికకు ఇవతల నేను, అవతల కాంపౌండరు సుబ్బన్న. సుబ్బన్నా, ఒకసారి లేచి నిలబడప్పా, అందరూ చూస్తారు... నిలబడడు, సిగ్గు. అతను కలిపి ఇచ్చే ఎర్రమందులో ఏముందో ముప్పై ఏండ్లలో నన్ను ఒక్కరూ అడగలేదు. అడిగింటే చెప్పడానికి నాకూ కష్టమే అయ్యేది. (నవ్వులు) సుబ్బన్న అవతల బయట అరుగు, అరుగు మీద రెండు బల్లలు, బల్లల మీద ఎప్పుడు చూసినా ఇరవైమంది. లోపల నేను ఒక మాట అంటే అది తడిక దాటి బల్లల దాకా పోయేది, బల్లల మీదనుంచి నవ్వు నాకు వినబడేది. నాకు అది బాగుండింది. ఇంకొకరైతే రోగం సంగతి నలుగురికీ వినిపిస్తుందని గోడ కట్టించి ఉంటారు. నేను కట్టించలేదు.

ఇంతకుముందు మాట్లాడిన వాళ్ళంతా నా పాత మాటలు ఏరి ఏరి చెప్పినారు, మీరు పడీ పడీ నవ్వినారు. అయితే ఒక మాట మాత్రం ఎవురూ చెప్పలేదు. అది తెలిసినవాళ్ళు ఈ హాల్లో పదిమందికి తక్కువ ఉండరు. మర్యాదకు దాచినారు. ఆ మాట నేనే చెప్తాను. అది చెప్పడానికే ఈ సన్మానానికి ఒప్పుకున్నాను, లేకుంటే పోయిన వారమే సామాను లారీకి ఎక్కించి తిరుపతి చేరుండేవాణ్ణి.

సన్మానపత్రంలో ఒక వాక్యం ఉంది, రోగి ముఖం చూసినంతనే రోగం చెప్పగల దిట్ట అని. రాసిన పంతులుగారికి నా మీద ఉండే అభిమానం అది. తప్పు పట్టొద్దు పంతులుగారూ, ఆ వాక్యం చదువుతుంటే నేను తల పైకెత్తలేకపోయినాను.

ముందు మీకు మన అలవాటు ఒకటి గుర్తు చేయాల. మీరు నన్ను డాక్టరు అని తక్కువగా, సామీ అని ఎక్కువగా పిలిచినారు. గుడి కైంకర్యం చేసే వైష్ణవుల ఇంటివాణ్ణని, మా నాయన తెచ్చే తీర్థం మీకు పంచేవాణ్ణని, నా చేత పాదాలు ముట్టించుకోవడం మహాపాపమని మీరు అనుకున్నారు. కాలికి వాపు ఉంది చూపించమ్మా అంటే, చీర కుచ్చెళ్ళు జానెడు ఎత్తి, అయిదడుగుల దూరంలో నిలబడి చూపించేవాళ్ళు. ముట్టబోతే కాలు వెనక్కి లాక్కొని, మీరు మా కాళ్ళు పట్టుకునేదేంది సామీ, మాకు పుట్టగతులు ఉంటాయా అనేవాళ్ళు. నేను కూడా సరే అని ఊరుకున్నాను. నాకు లోలోపల గర్వంగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటాను. కాలి మడమ మీద కొట్టి చూడడానికి రబ్బరు సుత్తి ఒకటి డాక్టర్ల దగ్గర ఉంటుంది. చదువుకునేటప్పుడు కొన్నాను. అది ఇరవైమూడేండ్లు నా సొరుగులో కాగితాల మీద బరువుకు పనికొచ్చింది.

1970 చివర్లో వరదమ్మక్క తన కోడల్ని పిలుచుకొని వచ్చింది. వరదమ్మక్క అదిగో, ఆడవాళ్ళలో మూడో వరసలో కూర్చొని ఉంది. కోడలి పేరు జ్ఞానాంబ. శెనక్కాయల మండీ ధనంజయ భార్య. ధనంజయ ఈ సన్మాన సంఘానికి కార్యదర్శి, ఇందాక నాకు మాల వేసింది అతనే. జ్ఞానాంబకు అప్పటికి ఇరవైనాలుగేండ్లు ఉండొచ్చు, ఆడబిడ్డ పుట్టి ఏడు నెలలు.

కోడలికి ఒంట్లో బాగలేకపోతే అత్త చెప్తుంది, కోడలు వెనక నిలబడి నేల చూస్తుంది. మనకు అదీ అలవాటే. వరదమ్మక్క చెప్పింది: పొద్దున లేవదు సామీ, లేచినా పని కాదు, కడవ ఎత్తి నడుమ దించుతుంది, పిలిస్తే ఒకసారికి పలకదు, తినేది పిడికెడు, ఒళ్ళు మాత్రం వస్తా ఉండాది. నేను జ్ఞానాంబను ఒక్క ప్రశ్న అడగలేదు. కంటి రెప్ప కిందికి లాగి చూసినాను, తెల్లగా ఉండింది. కాన్పు అయిన బిడ్డ, రక్తం తక్కువ, ఇంకేముంది? ఇనుము మాత్రలు రాసినాను, సుబ్బన్న టానిక్కు ఇచ్చినాడు. మూడు నెలలు వాడినా ఏమీ మారలేదు. సూదులు వేసినాను. అవీ పనిచేయలేదు.

నాలుగోసారి వచ్చింది కత్తిరి ఎండల్లో. బయట కాకులు కూడా నోరు తెరుచుకొని నీడకు చేరే ఎండ, జ్ఞానాంబ దుప్పటి కప్పుకొని వచ్చింది. మీరే చెప్పండి, మే నెలలో దుప్పటి కప్పుకున్న మనిషిని చూస్తే డాక్టరు అనేవాడు ఏం చేయాల? ఎందుకమ్మా అని అడగాల. నేను బల్లల మీద వాళ్ళకు వినబడేట్టు గొంతు పెంచి, వరదమ్మక్కతో అన్నాను:

"అక్కా, నీ కోడలికి జబ్బేమీ లేదు. దీని పేరు సోమరితనం. మందు నా దగ్గర లేదు, నీ దగ్గర ఉంది. పని చెప్పు, అదే పోతుంది."

బయట నవ్వినారు. నేనూ నవ్వినాను. ఆ బిడ్డ దుప్పటి ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. సుబ్బన్న మాత్రం ఆ పొద్దు నవ్వలేదు, తల ఎత్తకుండా సీసాకు బిరడా పెడతా ఉండినాడు. అది నేను తర్వాత చాలాసార్లు గుర్తు చేసుకున్నాను.



మాట అనేసి నేను మరిచిపోయినాను. ఆ ఇంట్లో అది చట్టం అయింది. డాక్టరుగారే చెప్పినారు అనేది నాలుగేండ్లు ఆ బిడ్డ తల మీద ఉండింది. చీకటితోనే లేపడం డాక్టరు చెప్పినారని, చన్నీళ్ళు పోయడం డాక్టరు చెప్పినారని, పుట్టింటికి పంపకపోవడం డాక్టరు చెప్పినారని. ఈ మాటలు నాకు ధనంజయ మొన్న చెప్పినాడు. చెప్పేటప్పుడు తనను వదిలిపెట్టి చెప్పలేదు, అదంతా నేనూ చేసినాను సామీ అనే చెప్పినాడు.

1973లో సోమరితనం పోవాలని కొండకు మొక్కుకొని, తీసుకుపోయి తలనీలాలు ఇప్పించినారు. మామూలుగా ఆరు నెలలకు జుట్టు దువ్వెనకు అందుతుంది. ఆ బిడ్డకు ఏడాది అయినా గడ్డం చేసుకున్న నాలుగో రోజు మాదిరి ఉండింది తల. ఊర్లో, స్వామి ఆమె జుట్టు ఇష్టపడి ఉంచుకున్నాడు అన్నారు. నేను కూడా వింటిని ఆ మాట. కనుబొమల చివర వెంట్రుకలు కూడా రాలిపోయినాయి. వాటిని కొండమీద ఎవురూ తీయరు కదా. ఆ ముఖం చూస్తా చూస్తా ఆ సంగతి నాకు తట్టలేదు. ముఖం చూసి రోగం చెప్పే దిట్ట అన్నారే, ఆ దిట్ట నేనే.

ఆ బిడ్డ నాతో నేరుగా మాట్లాడింది ఒకే ఒక్కసారి. ఎప్పటిలాగే అత్తతో వచ్చి వెళ్ళిపోయింది, టానిక్కు సీసా బల్ల మీద మరిచిపోయింది. దానికోసం ఒకతే వెనక్కి వచ్చింది. సీసా చేతిలోకి తీసుకొని, పోకుండా నిలబడింది.

"నేను బలవంతానే లేస్తాను సామీ. ఒళ్ళు రాదు. నేను కావాలని చేసేది కాదిది."

గొంతు బొంగురుగా, మగవాళ్ళ గొంతు మాదిరి ఉండింది. ఒక్కొక్క మాటా నాలుక దాటి రావడానికి కష్టపడుతున్నట్టు ఉండింది. బొంగురు గొంతు, లావెక్కిన నాలుక, చలి, రాలే జుట్టు, వాచిన ముఖం, నిమిషానికి యాభై రెండు కొట్టే నాడి. రెండో సంవత్సరం వైద్యం చదివే పిల్లవాడు కూడా కలిపి చూడగలడు. నేనేమన్నానో తెలుసునా? ఏందమ్మా ఆ గొంతు, ఎద్దులబండి తోలుతున్నావా అన్నాను. బయట నవ్వు వినబడింది. ఆ బిడ్డ సీసా తీసుకొని వెళ్ళిపోయింది.



1974 డిసెంబరులో తుపాను ముసురు పట్టింది, నాలుగు రోజులు వదల్లేదు. ఒక మధ్యాహ్నం మూడు గంటలకు ధనంజయ గొడుగుతో వచ్చి నన్ను ఇంటికి పిలుచుకుపోయినాడు. జ్ఞానాంబ పొంతన లేకుండా మాట్లాడుతా ఉంది. చనిపోయిన వాళ్ళ నాయన వాకిట్లో నిలబడి ఉండాడని, ఆయనకు నీళ్ళు ఇవ్వమని అంటా ఉంది. గాలి సోకిందని తాయెత్తు కట్టినారు. నేను నోట్లో థర్మామీటరు పెట్టినాను. పాదరసం కదల్లేదు. విదిలించి మళ్ళీ పెట్టినాను, అప్పుడూ కదల్లేదు. థర్మామీటరు చెడిపోయింది అనుకొని జేబులో వేసుకున్నాను. మనిషి ఒళ్ళు అంత చల్లబడి ఉంటుందని నాకు తోచలేదు. చేతిని పట్టుకున్నాను కదా, ముసురుకు చల్లగా ఉంది అనుకున్నాను. ఈ మాటలన్నీ మనసు చెదిరి వచ్చినవి, నిద్రపోతే సర్దుకుంటుంది అని నిద్రకు ఇంజెక్షను వేసినాను.

ఆ నిద్రలోనుంచి ఆ బిడ్డ లేవలేదు. మర్నాడు పది గంటలకు పోయింది. గుండె ఆగి మరణం అని కాగితం రాసి ఇచ్చినాను. ఎవురి గుండె ఆగకుండా పోతారు గనక? ఆ సాయంత్రం ఇంకొక ఇంట్లో జ్వరం బిడ్డ నోట్లో అదే థర్మామీటరు పెడితే నూటరెండు చూపించింది. అప్పుడు కూడా నేను రెండూ కలిపి చూసుకోలేదు. బాగైపోయిందే అనుకున్నాను.

మూడేండ్లకు, 1977లో, జ్ఞానాంబ తోడబుట్టిన చెల్లెలు రుక్మిణమ్మను వాళ్ళ అమ్మ నా దగ్గరికి తెచ్చింది. అదే నీరసం, అదే వాపు ముఖం. నేను అలవాటుగా ఇనుము మాత్రలకు కలం తీసినాను. ఆ తల్లి నా చేతి మీద చెయ్యి పెట్టింది. సామీ అని మర్యాదగా చూసే మనుషుల్లో నా చెయ్యి పట్టి ఆపింది ఆమె ఒక్కతే.

"పెద్దదానికి గూడా ఇట్లనే మొదలయింది. దానికిచ్చిన మందులు దీనికి వద్దు సామీ. ఇంకేదన్నా సూడు."

నాకు భయం వేసింది. నిజంగానే చెప్తున్నాను, ఆ పొద్దు మొదటిసారి భయం వేసింది. వేలూరు పెద్దాస్పత్రికి చీటీ రాసి ఇచ్చి ఊరుకోకుండా, వాళ్ళతో కూడా నేనే బస్సెక్కినాను.

అక్కడ చూసింది ఒక చిన్న వయసు లేడీ డాక్టరు, మా కూతురి ఈడు. ఆమె రుక్మిణమ్మతోనే మాట్లాడింది, తల్లినీ నన్నూ పక్కన కూర్చోపెట్టింది. చలి వేస్తుందా, మలం ఎన్ని రోజులకొకసారి, నెలసరి ఎట్ల ఉంది, మరుపు ఉందా అని ఒక్కొక్కటే అడిగింది. తర్వాత చెక్క కుర్చీ మీద మోకాళ్ళ మీద నిలబడమని, పాదాలు వెనక్కి వేలాడేట్టు పెట్టమని, మడమ పైన నరం మీద రబ్బరు సుత్తితో తట్టింది. మామూలు మనిషికి పాదం టక్కున ఎగిరి టక్కున కిందికి వస్తుంది. రుక్మిణమ్మ పాదం ఎగిరింది, కిందికి రావడం మాత్రం తీరిగ్గా, మనసు లేనట్టు వచ్చింది. ఇంకొకసారి తట్టింది, మళ్ళీ అంతే. ఆ డాక్టరు నా వైపు తిరిగి, మీరు చూస్తున్న పేషెంటే కదా, ఇది ఎన్నాళ్ళుగా ఉంది అని అడిగింది. నేను ఆమె పాదాలు ఎప్పుడూ చూడలేదు అన్నాను. ఆ పిల్ల రక్తం తీసుకుంది. ఎనిమిది రోజులకు జవాబు వచ్చింది.

మీకందరికీ అర్థమయ్యేట్టు చెప్తాను. గొంతు ముందర, కంఠమణి కింద, థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంటుంది. చిన్నదే. ఒంట్లో ప్రతి పనికీ మంట ఎంత ఉండాలో అది చూసుకుంటుంది. అది మందగించిందంటే ఒళ్ళంతా సన్నసెగ మీద పెట్టిన కుండ మాదిరి అయిపోతుంది. గుండె నిదానం, పేగు నిదానం, మాట నిదానం, తలపు నిదానం. మనిషికి లేవాలని ఉంటుంది, లేవడానికి కావలసింది ఒంట్లో ఉండదు. కొందరికి గొంతు దగ్గర కాయ కనబడుతుంది, చాలామందికి అదీ కనబడదు. కాన్పు తర్వాత రావచ్చు, ఊరికే కూడా రావచ్చు, ఒక ఇంట్లో అక్కచెల్లెళ్ళకు రావచ్చు. మందు ఆ గ్రంథి చేయాల్సిన పదార్థమే, చిన్న తెల్ల మాత్ర. ఒకేసారి ఎక్కువ ఇస్తే గుండె తట్టుకోదు గనక, తక్కువతో మొదలుపెట్టి వారాలమీద పెంచాల. పొద్దున్నే పరగడుపున వేసుకోవాల, బతికినన్నాళ్ళూ వేసుకోవాల.

రుక్మిణమ్మకు ఆరు వారాలకు ముఖం వాపు దిగింది. ఎనిమిదో వారం నా దగ్గరికి వచ్చి కూర్చొని, ఉక్కగా ఉండాది సామీ, ఫాను వెయ్యండి అనింది. నేను లేచి ఫాను వేసి, సుబ్బన్నకు ఏదో పని చెప్పి, వెనక గదిలోకి పోయి కూర్చున్నాను. ఆమె ఇప్పుడు పుత్తూరులో బాగుంది, ఇద్దరు బిడ్డలు. నడుమ ఒకసారి మందు మానేసింది. శనివారం ఒక్కపొద్దు, మాత్ర వేసుకుంటే ఉపవాసం చెడుతుందని శనివారం మానింది, తర్వాత ఏకాదశి మానింది, తర్వాత ఎన్నాళ్ళు మింగేది అని మొత్తం మానింది. నాలుగు నెలల్లో మళ్ళీ దుప్పటి కప్పుకుంది. వైష్ణవుణ్ణి చెప్తున్నాను, ఈ మాత్రతో ఉపవాసం చెడదు, చెడితే ఆ పాపం నా పద్దులో రాసుకోమను అని చెప్పి మళ్ళీ మొదలుపెట్టించినాను. (కొద్దిగా నవ్వులు)

ఆ తర్వాత నా ఆస్పత్రిలోకి చెక్క కుర్చీ వచ్చింది. నీరసం అని వచ్చిన ప్రతి ఆడమనిషినీ దానిమీద మోకాళ్ళ మీద నిలబెట్టినాను. మొదట మీరు ఒప్పుకోలేదు. డాక్టరుకు వయసు మీదపడి చాదస్తం పట్టింది అన్నారు, నాకు తెలుసు. నేనే వంగి పాదం పట్టుకుంటే ఒక ముసలామె ఏడ్చింది. ఈ ఏడేండ్లలో పదిహేడుమందిని అట్ల కనుక్కొని వేలూరుకు పంపినాను. ఆ పదిహేడుమందీ మందు మింగుతా బతికి ఉన్నారు, ఈ హాల్లో కొందరు ఉన్నారు. నేను గొప్ప చెప్పుకోవడానికి అనలేదు. పదిహేడుమందిని చూసేకొద్దీ ఆ మొదటి మనిషికి నేను చేసింది ఏమిటో నాకు ఇంకా బాగా తెలిసివచ్చింది. చివరి రోజున ఇంజెక్షను వేయకుండా ఉంటే ఆ బిడ్డ బతికేదా అని వేలూరు డాక్టరును ఒకసారి అడిగినాను. ఆ దశలో పెద్ద ఆస్పత్రిలో కూడా చాలామంది దక్కరు, కాని ఆ దశ దాకా రానివ్వకూడదు అనింది. నిద్ర మందు మాత్రం అలాంటి మనిషికి వేయకూడదు అని కూడా అనింది.

ఇదంతా తెలిసి ఏడేండ్లు నేను ధనంజయతో చెప్పలేదు. వారానికి రెండుసార్లు అతని మండీ ముందర నడిచి పోయేవాణ్ణి. అతను లేచి నిలబడి నమస్కారం పెట్టేవాడు. నేనూ పెట్టేవాణ్ణి. చెప్పి ఏం ప్రయోజనం, పోయిన మనిషి వస్తుందా, గాయాన్ని కెలకడం ఎందుకు అని నాకు నేను చాలా చెప్పుకున్నాను. అసలు సంగతి, నాకు ఈ ఊర్లో ఉండే పేరు పోతుందని భయం.

సంక్రాంతి దాటినాక ఒకరోజు ధనంజయ కూతురు ఆదిలక్ష్మి జలుబుకు మందుకని వచ్చింది. పద్నాలుగేండ్ల పిల్ల. ఆ తల్లి బిడ్డ కదా, నేను కుర్చీ మీద మోకరించమన్నాను. పాదం టక్కున ఎగిరి టక్కున వచ్చింది, నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ పిల్ల గోడ వైపు ముఖం పెట్టుకొని, తిరగకుండానే అడిగింది.

"సామీ, మా యమ్మ నిజంగానే సోమరా?"

ఎవురన్నారమ్మా అన్నాను. పొద్దున ఒక గడియ ఆలస్యంగా లేస్తే అవ్వ తల్లి పోలిక వచ్చింది అంటాదంట. కాదు అని ఈ పిల్ల ఎదురు చెప్తే, డాక్టరు సామే చెప్పినాడు గదే, ఊరంతా విన్నారు అంటాదంట.

నేను దిగమ్మా అన్నాను. మందు ఇచ్చి పంపించినాను. జవాబు చెప్పలేదు.

ఆ మధ్యాహ్నమే మండీకి పోయి, ధనంజయను పక్కకు పిలిచి, ఇప్పుడు మీకు చెప్పినదంతా చెప్పినాను. అతను మూటల మీద కూర్చొని విన్నాడు. ఎంతసేపు విన్నాడో తెలియదు, మూడు బండ్లు వచ్చి సరుకు దించి పోయినాయి. చివరికి నేను, మనసులో పెట్టుకోవద్దు ధనంజయా అన్నాను. ఇట్లాంటప్పుడు మనుషులకు నోటికి ఏ మాట వస్తుందో చూడండి. అతను నా ముఖం చూసి అన్నాడు:

"ఆ మాట ఆ పొద్దు ఇరవైమంది వినేట్టు అన్నారు సామీ. ఈ మాట నా ఒక్కడి చెవిలో చెప్తే ఎట్ల సరిపోతాది?"

అప్పటికే ఈ సన్మానం సంగతి అనుకుంటున్నారు. అతను ఆ పొద్దునుంచి దీనికి కార్యదర్శిగా ఉండి, ఇంటింటికీ తిరిగి, ఒక్కరినీ వదలకుండా పిలిచినాడు. హాలు ఎందుకు ఇంతగా నిండిందో మీకు ఇప్పుడు తెలిసింది. నా మీద అభిమానంతో వచ్చినవాళ్ళకు కృతజ్ఞతలు, అయితే మిమ్మల్ని పిలిచింది జ్ఞానాంబ కోసం.

(డాక్టరుగారు నీళ్ళు తాగినారు.)

ఇదే ఊరి జనం ముందర చెప్తున్నాను, బయట కిటికీల దగ్గర ఉన్నవాళ్ళకు కూడా వినబడేట్టు చెప్తున్నాను. శెనక్కాయల మండీ ధనంజయ భార్య జ్ఞానాంబ సోమరి కాదు. ఆమెకు జబ్బు ఉండింది. మందు ఉన్న జబ్బు. నాలుగేండ్లు ఆమె నా ఎదుట నిలబడినా నేను దాన్ని కనుక్కోలేదు. కనుక్కోకపోవడమే కాకుండా, ఆమె మీద ఒక మాట అన్నాను. ఆ జబ్బుతో, లేవలేని ఒంటితో, ఆమె నాలుగేండ్లు ప్రతిరోజూ లేచింది. అట్ల లేవడానికి ఎంత కావాలో పదిహేడుమందిని చూసిన నాకు తెలుసు. ఈ ఊర్లో ఆమెకన్నా కష్టపడిన మనిషి లేదు.

వరదమ్మక్కా, తల వంచుకోవద్దు. నువ్వు డాక్టరు మాట విన్నావు. అందరూ వినమనే కదా చెప్తారు. తప్పు చెప్పినవాడిది. అయితే ఇప్పుడు కూడా అదే డాక్టరు చెప్తున్నాడు, దీన్నీ విను.

అక్కచెల్లెళ్ళారా, రేపటినుంచి ఆ గోడౌనులో కొత్త డాక్టరు కూర్చుంటాడు. తడిక పీకించి గోడ కట్టించినాను. మీ ఇంట్లో ఎవురైనా ఎండలో వణుకుతున్నా, గొంతు మారినా, ముఖం వాచినా, ఎంత కొట్టినా లేవకపోయినా, వెనక నిలబెట్టి మీరు చెప్పొద్దు. ఆ మనిషినే మాట్లాడనివ్వండి. డాక్టరు అడగకపోతే మీరే అడగండి, థైరాయిడ్ ఏమో చూడు నాయనా అని. కోపం వచ్చినా పరవాలేదు.

నాకు ముప్పై ఏండ్లు అన్నం పెట్టినారు, నా బిడ్డలకు మీరే పెండ్లిండ్లు చేసినంత పని చేసినారు, మా నాయన పోయినప్పుడు తిరుపతి దాకా వచ్చినారు. జయరామ్ నాయుడు గారికీ, సుబ్బన్నకూ, పేరు పేరునా మీ అందరికీ ఋణపడి ఉన్నాను.

అమ్మా ఆదిలక్ష్మీ, యాడ ఉండావో నాకు కనబడలేదు. నువ్వు అడిగినదానికి ఇది జవాబు. ఇంక ఎవురైనా మీ అమ్మను ఆ మాట అంటే అననీ, నోరు వాళ్ళది. నా పేరు చెప్పి మాత్రం అనకూడదు. నేను అనలేదు అని కాదు. అన్నాను, అది తప్పు అని ఇంతమంది ముందర నేనే చెప్పి పోయినాను అని చెప్పు.

మిమ్మల్ని నేను క్షమాపణ అడగడం లేదు. అడగవలసిన మనిషి ఈ హాల్లో లేదు. వస్తాను, సెలవు ఇప్పించండి.